క్రీడాజీవితంలో తొలిదశ విజయాలు

క్రీడాజీవితంలో తొలిదశ విజయాలు అనగా ఒక క్రీడాకారుడు లేదా క్రీడాకారిణి ఆటలో ప్రవేశించిన మొదటి కొన్ని సంవత్సరాలలో సాధించిన బిరుదులు, పతకాలు, రికార్డులు. వీటిని బట్టి ఆ వ్యక్తి ఆ ఆటలో ఎంత గొప్పవాడో, ముందుముందు ఎంతటివాడు కాగలడో అంచనా వేయడం బాస్కెట్‌బాల్, చదరంగం, క్రికెట్ వంటి అనేక క్రీడలలో వాడుకలో ఉంది. "అతి పిన్న వయసులో", "మొదటి సీజన్‌లోనే" వంటి మాటలు ఈ పద్ధతి నుండి వచ్చినవే.

వరంగల్లులో జన్మించిన చదరంగ క్రీడాకారుడు ఇరిగేశి అర్జున్ జీవితం ఈ కొలమానానికి చక్కని పరీక్ష. తన తరానికి చెందిన నలుగురు భారతీయులలో గ్రాండ్‌మాస్టరు హోదాను అందరికంటే ఎక్కువ వయసులో పొందినవాడు ఇతడు. ఆ నలుగురిలో 2800 రేటింగును మొట్టమొదట అందుకున్నవాడు కూడా ఇతడే.

బాస్కెట్‌బాల్‌లో

తొలి విజయాలను లెక్కగట్టే అలవాటు అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్.బి.ఏ.లో బాగా స్థిరపడింది. అక్కడ ప్రతి సంవత్సరం కొత్త ఆటగాళ్ళను జట్లు వరుసక్రమంలో ఎంచుకుంటాయి. ఈ ఎంపికను డ్రాఫ్టు అంటారు. అంటే వృత్తి ఆట ఆడకముందే ఆటగాడికి ఒక అంకె అంటుకుంటుంది. మొదటి సీజన్ ముగిసేసరికి ఉత్తమ నూతన క్రీడాకారుడి అవార్డు ఉంటుంది. ఆ తరువాత మొదటి ఛాంపియన్‌షిప్ ఎన్నవ సీజన్‌లో వచ్చిందనే లెక్క మొదలవుతుంది.

ఈ లెక్కలో కొందరు వెంటనే పైకి తేలుతారు. బిల్ రస్సెల్ 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ ముగించుకొని బోస్టన్ జట్టులో చేరి, 1957లో తన మొదటి సీజన్‌లోనే ఛాంపియన్ అయ్యాడు. మొత్తం 13 సీజన్లలో 11 సార్లు గెలిచాడు. మ్యాజిక్ జాన్సన్ 1980లో తన మొదటి సీజన్‌లో, 20 ఏళ్ళ వయసులో, ఫైనల్స్ ఆరవ ఆటలో 42 పాయింట్లు సాధించి లాస్ ఏంజిలెస్ లేకర్స్‌కు ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. ఈ ఇద్దరి విషయంలో తొలి అంచనా తప్పలేదు.

మైకేల్ జోర్డాన్, లెబ్రాన్ జేమ్స్‌ల పోలికలో చిక్కు మొదలవుతుంది. 1984 డ్రాఫ్టులో మూడవ స్థానంలో ఎంపికైన జోర్డాన్ తన ఏడవ సీజన్‌లో, 1991లో, మొదటి ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2003లో మొదటి స్థానంలో ఎంపికైన జేమ్స్‌కు అది తొమ్మిదవ సీజన్‌లో, 2012లో దక్కింది. సీజన్ల లెక్కన జోర్డాన్ ముందున్నాడు. అయితే అప్పటికి జోర్డాన్ వయసు 28 సంవత్సరాలు, జేమ్స్ వయసు 27. వయసు లెక్కన జేమ్స్ ముందున్నాడు. జోర్డాన్ మూడేళ్ళు కళాశాల ఆట ఆడి రాగా, జేమ్స్ ఉన్నత పాఠశాల నుండి నేరుగా రావడమే ఈ తేడాకు కారణం. 2006 డ్రాఫ్టు నుండి, డ్రాఫ్టు జరిగే క్యాలెండరు సంవత్సరంలో 19 ఏళ్ళు నిండని వారిని తీసుకోరాదనే నిబంధన అమలులోకి వచ్చింది. కనుక జేమ్స్ 18 ఏళ్ళ వయసులో నెలకొల్పిన రికార్డులను ప్రయత్నించే వీలు ఆ నిబంధన తరువాత చాలా తక్కువమందికే ఉంది. గడియారాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చకుండా ఎవరు ముందు చేరారని అడగడం వలన ఈ వివాదం తెగదు.

తొలి గుర్తింపు నిలవని సందర్భాలూ, అసలు రాని సందర్భాలూ ఉన్నాయి. డెరిక్ రోజ్ 2011లో 22 ఏళ్ళకే అత్యంత విలువైన ఆటగాడిగా ఎన్నికై, ఆ అవార్డు పొందిన అతి పిన్న వయస్కుడయ్యాడు. మరుసటి ఏడాది మోకాలి గాయం తరువాత ఆ స్థాయికి తిరిగి రాలేదు. సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్ 2014 డ్రాఫ్టులో 41వ స్థానంలో ఎంపికయ్యాడు. అతడికి అదే అవార్డు 2021, 2022, 2024 సంవత్సరాలలో మూడు సార్లు లభించింది.

చదరంగంలో

బాస్కెట్‌బాల్ జట్టు ఆట కనుక ఒకరి విజయంలో తోటివారి వాటా ఎంతో విడదీయడం కష్టం. చదరంగంలో ఆ ఇబ్బంది లేదు. పైగా గ్రాండ్‌మాస్టరు హోదా ఏ రోజున ఖాయమైందో తెలుస్తుంది కాబట్టి సాధించిన వయసును సంవత్సరాలు, నెలలు, రోజులలో చెబుతారు. ఇంత సూక్ష్మమైన కొలత ఉండడం వలన దానిపై నమ్మకం కూడా ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంది.

గ్రాండ్‌మాస్టరు అనేది అంతర్జాతీయ చదరంగ సమాఖ్య (ఫిడే) ఇచ్చే అత్యున్నత హోదా. సాధారణంగా దీనికి 2500 రేటింగుతో పాటు మూడు నార్ములు కావాలి. నార్ము అంటే ఒక టోర్నమెంటులో నిర్ణీత స్థాయి ఆటతీరు కనబరచడం. ఆ టోర్నమెంటు ప్రత్యర్థులలో తగినంతమంది గ్రాండ్‌మాస్టర్లు, ఇతర దేశాల వారు ఉండాలి. బాబీ ఫిషర్ 1958లో 15 ఏళ్ళ వయసులో ఈ హోదా పొందగా, ఆ రికార్డు 1991 వరకు చెక్కుచెదరలేదు. తరువాత అది పలుమార్లు మారి, 2021లో అమెరికాకు చెందిన అభిమన్యు మిశ్రా వద్దకు చేరింది. అతడి వయసు అప్పటికి 12 సంవత్సరాల 4 నెలల 25 రోజులు.

ఈ పట్టికను ప్రపంచ ఛాంపియన్ల పట్టికతో పోల్చి చూస్తే రెండూ అంతంతమాత్రంగానే కలుస్తాయి. 13 ఏళ్ళకు గ్రాండ్‌మాస్టరైన మాగ్నస్ కార్ల్‌సెన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2002లో 12 ఏళ్ళ 7 నెలలకే ఆ హోదా పొందిన సెర్గీ కర్యాకిన్ 2016లో కార్ల్‌సెన్ చేతిలో ఓడిపోయాడు. 16 ఏళ్ళ వయసు దాకా గ్రాండ్‌మాస్టరు కాని డింగ్ లిరెన్ 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. భారతదేశపు మొదటి గ్రాండ్‌మాస్టరు విశ్వనాథన్ ఆనంద్ 1988లో 18 ఏళ్ళ వయసులో ఆ హోదా పొందాడు. నేటి లెక్కల ప్రకారం అది ఆలస్యమే. పరిమార్జన్ నేగి 2006లో 13 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టరై అప్పటికి ప్రపంచంలో రెండవ అతి పిన్న వయస్కుడిగా నిలిచాడు. తరువాత అతడు అమెరికాలో ఉన్నత చదువుల వైపు మళ్ళి పోటీ ఆటను తగ్గించుకున్నాడు. దీనిని వైఫల్యం అనడం సరికాదు. అది అతడు చేసుకున్న ఎంపిక, వయసు పట్టికలో కనబడనిది.

హరికృష్ణ, హంపి

తెలుగువారిలో ఈ కొలమానానికి మొదట లోబడినవారు గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, గుడివాడలో జన్మించిన కోనేరు హంపి. హరికృష్ణ 2001లో 15 ఏళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టరై అప్పటికి ఆ హోదా పొందిన భారతీయులలో అతి పిన్న వయస్కుడయ్యాడు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ ఛాంపియన్ అయ్యాడు. అయితే ఇతడి ఆట అత్యున్నత దశకు చేరింది 2016లో, ముప్పై ఏళ్ళ వయసులో. ఆ సంవత్సరం రేటింగు 2770కి చేరి ప్రపంచంలోని మొదటి పదిమందిలో నిలిచాడు. తొలి రికార్డుకు, శిఖరానికి మధ్య 15 సంవత్సరాల దూరం ఉంది.

హంపి 2002లో 15 సంవత్సరాల 1 నెల 27 రోజుల వయసులో పూర్తి గ్రాండ్‌మాస్టరు హోదా పొంది, హంగేరీకి చెందిన జుడిత్ పోల్గర్ పేరిట ఉన్న మహిళల రికార్డును మూడు నెలల తేడాతో అధిగమించింది. 2008లో చైనాకు చెందిన హౌ యిఫాన్ ఆ రికార్డును దాటింది. 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోరులో హంపి అదే హౌ యిఫాన్ చేతిలో ఓడిపోయింది. తొలిదశనే చూసేవారికి కథ ఇక్కడితో అయిపోయినట్లు కనిపించవచ్చు. కాని ఆమె ప్రపంచ మహిళా ర్యాపిడ్ ఛాంపియన్‌షిప్‌ను గెలిచినది ఆ తరువాతనే. మాతృత్వం కారణంగా ఆటకు విరామమిచ్చి తిరిగి వచ్చి, 2019లో ఒకసారి, 2024లో 37 ఏళ్ళ వయసులో మరొకసారి గెలిచింది. 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌లో ఆమె 19 ఏళ్ళ దివ్య దేశ్‌ముఖ్ చేతిలో ఓడింది. ఆ టోర్నమెంటుకు ముందు దివ్యకు ఒక్క గ్రాండ్‌మాస్టరు నార్ము కూడా లేదు. కప్పు గెలవడంతోనే హోదా నేరుగా లభించింది.

ఇరిగేశి అర్జున్

అర్జున్ 2003 సెప్టెంబరు 3న వరంగల్లులో జన్మించాడు. తండ్రి న్యూరోసర్జన్. 2018 ఆగస్టులో 14 సంవత్సరాల 11 నెలల 13 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టరు హోదాకు అర్హత పొంది, భారతదేశపు 54వ గ్రాండ్‌మాస్టరు అయ్యాడు.

మరొక కాలంలో అయితే ఈ వయసు పతాక శీర్షికలలోకి ఎక్కేది. హరికృష్ణ, హంపిలు రికార్డులు సృష్టించిన వయసు కంటే ఇది తక్కువ. కాని అదే సంవత్సరం జూన్‌లో చెన్నైకి చెందిన ఆర్. ప్రజ్ఞానంద 12 సంవత్సరాల 10 నెలల వయసులో ఆ హోదా పొందాడు. కేరళకు చెందిన నిహాల్ సరీన్ 14 ఏళ్ళు దాటిన నెలకే, అర్జున్ కంటే కొద్ది రోజుల ముందు పొందాడు. కొన్ని నెలల తరువాత, 2019 జనవరిలో, చెన్నైకే చెందిన డి. గుకేశ్ 12 సంవత్సరాల 7 నెలల 17 రోజుల వయసులో పొందాడు. నలుగురూ దాదాపు ఏడు నెలల వ్యవధిలో ఒకే మెట్టు ఎక్కారు. వయసు పట్టికలో మాత్రం గుకేశ్‌కు, అర్జున్‌కు మధ్య రెండేళ్ళకు పైగా తేడా కనిపిస్తుంది. ఎందుకంటే నలుగురిలో అర్జున్ పెద్దవాడు, గుకేశ్ చిన్నవాడు. క్యాలెండరు ప్రకారం సమానంగా ఉన్నవారిని పుట్టిన తేదీ ప్రకారం చూసేసరికి అర్జున్ చివరివాడయ్యాడు. ప్రజ్ఞానంద, గుకేశ్‌లకు వచ్చిన పేరు ఆ రోజులలో ఇతడికి రాలేదు.

అర్జున్ వేగం 2021 నుండి పెరిగింది. ఆ కాలంలో ఇతడికి గ్రాండ్‌మాస్టరు శ్రీనాథ్ నారాయణన్ శిక్షణనిచ్చాడు. 2021 నవంబరులో కోల్‌కతాలో టాటా స్టీల్ ఇండియా ర్యాపిడ్ విభాగాన్ని గెలిచాడు. 2022 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో ఛాలెంజర్స్ విభాగాన్ని 13 ఆటలలో 10.5 పాయింట్లతో గెలిచాడు. అదే సంవత్సరం మార్చిలో కాన్పూరులో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. ఆగస్టులో అబు ధాబి మాస్టర్స్ గెలిచాడు. రేటింగు 2700 దాటింది. చెన్నైలో జరిగిన ఒలింపియాడ్‌లో మూడవ బల్లపై వ్యక్తిగత రజత పతకం పొందాడు. ఆ జట్టులో ఇతడితో పాటు హరికృష్ణ కూడా ఉన్నాడు.

ఈ వరుస చూసి పెద్ద ఆశలు పెట్టుకున్నవారికి మరుసటి జనవరి నిరాశ కలిగించింది. ఛాలెంజర్స్ విజేతగా 2023లో వైక్ ఆన్ జీ ప్రధాన విభాగంలో ఆడే అవకాశం రాగా, అక్కడ పట్టిక అడుగున నిలిచాడు. ఆగస్టులో బాకులో జరిగిన ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో ప్రజ్ఞానంద చేతిలో, టైబ్రేక్ చిట్టచివరి ఆటలో ఓడిపోయాడు. ఆ గెలుపు ప్రజ్ఞానందను క్యాండిడేట్స్ టోర్నమెంటుకు తీసుకుపోయింది. అర్జున్‌కు ఆ అర్హత మరే దారిలోనూ దక్కలేదు. ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవాడిని నిర్ణయించేది ఆ టోర్నమెంటే కనుక, ఒక్క ఆట తేడా రెండేళ్ళ తేడాగా మారింది. 2023 చివరన ఇతడి క్రీడాజీవితాన్ని కొలిచినవారు, మొదట మెరిసి ఆగిపోయినవారి జాబితాలో చేర్చడానికి ఆధారాలన్నీ ఉన్నాయి.

మరుసటి సంవత్సరమే ఆ అంచనా తలక్రిందులైంది. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారతదేశం మొదటిసారి స్వర్ణ పతకం గెలిచింది. రేటింగులో భారతీయులందరికంటే ముందున్నప్పటికీ అర్జున్ మూడవ బల్లపై ఆడాడు. 11 ఆటలలో తొమ్మిది గెలిచి, రెండు డ్రా చేసుకొని, 10 పాయింట్లతో వ్యక్తిగత స్వర్ణం కూడా పొందాడు. 2024 డిసెంబరు ఫిడే జాబితాలో ఇతడి రేటింగు 2801, ప్రపంచ స్థానం నాలుగు. 1990లో గ్యారీ కాస్పరోవ్ మొదటిసారి దాటిన ఆ గీతను అధికారిక జాబితాలో దాటిన భారతీయులలో ఆనంద్ తరువాత ఇతడు రెండవవాడు.

అదే డిసెంబరులో, 12వ తేదీన, సింగపూర్‌లో గుకేశ్ డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతడికి సహాయపడిన బృందంలో హరికృష్ణ ఉన్నాడు. తొలి విజయాల కొలమానాన్ని పూర్తిగా కొట్టివేయడానికి ఈ ఫలితం అడ్డు. నలుగురిలో అతి చిన్న వయసులో గ్రాండ్‌మాస్టరైనవాడే అందరికంటే ముందు కిరీటం పొందాడు. అప్పటికి అతడి రేటింగు 2800 చేరలేదు. కనుక ఒకే నెలలో రెండు కొలతలు రెండు వేర్వేరు పేర్లను ముందుంచాయి. రేటింగు అనేక ఆటల సగటును చెబుతుంది, కిరీటం ఒక పోరు ఫలితాన్ని చెబుతుంది. గ్రాండ్‌మాస్టరు హోదా పొందిన వయసు ఈ రెండింటిలో దేనినీ చెప్పదు. ఎవరు ఎప్పుడు బయలుదేరారో మాత్రమే చెబుతుంది.

2025లోనూ అర్జున్ క్యాండిడేట్స్ అర్హత సాధించలేకపోయాడు. నవంబరులో గోవాలో జరిగిన ప్రపంచ కప్‌లో లెవాన్ అరోనియన్ వంటి అనుభవజ్ఞుడిని దాటివచ్చి, క్వార్టర్ ఫైనల్‌లో చైనాకు చెందిన వెయ్ యి చేతిలో టైబ్రేక్‌లో ఓడాడు. డిసెంబరులో దోహాలో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు రెండింటిలోనూ కాంస్య పతకాలు గెలిచాడు.

అవకాశం, ఆరంభం

చిన్న వయసులో హోదా రావాలంటే చిన్న వయసులోనే శిక్షకుడు, ప్రయాణాలు, ఆటను చదువుతో సర్దుకునే వీలు ఉండాలి. నార్ములకు విదేశీ ప్రత్యర్థులు అవసరం కాబట్టి తరచు విదేశీ టోర్నమెంటులకు పోవలసి వస్తుంది. ఈ ఖర్చు భరించగల కుటుంబంలో పుట్టిన పిల్లవాడి గడియారం ముందే మొదలవుతుంది. అందువలన "ఎంత త్వరగా" అనే ప్రశ్నకు వచ్చే జవాబులో ప్రతిభతో పాటు ఇంటి పరిస్థితి కూడా కలిసి ఉంటుంది. వాటిని విడదీసే మార్గం పట్టికలలో లేదు.

ఇదే వరంగల్ జిల్లాకు చెందిన పరుగు క్రీడాకారిణి జీవాంజి దీప్తి ఉదాహరణ ఇక్కడ చెప్పదగినది. ఆమె కూడా 2003 సెప్టెంబరులోనే జన్మించింది. పర్వతగిరి మండలంలోని కల్లెడ ఆమె స్వగ్రామం. తల్లిదండ్రులు కూలి పనులు చేసుకొనేవారు. మేధోపరమైన వైకల్యం గలవారికి ఉద్దేశించిన టి20 విభాగంలో ఆమె 400 మీటర్ల పరుగులో పాల్గొంటుంది. శిక్షకుడు నాగపురి రమేశ్. ఆమె విషయంలో వయసు రికార్డులను ఎవరూ లెక్కించలేదు. ఎందుకంటే ఆమె పెద్ద పోటీలలో కనిపించినదే 20 ఏళ్ళు సమీపించిన తరువాత. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ పారా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. 2024 మేలో జపానులోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం పొందింది.

ఆ రికార్డు నాలుగు నెలలు కూడా నిలువలేదు. 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ ప్రాథమిక పరుగులోనే టర్కీకి చెందిన ఐసెల్ ఓండర్ 54.96 సెకన్లతో దానిని దాటింది. మరునాటి ఫైనల్‌లో ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ స్వర్ణం, ఓండర్ రజతం పొందగా, దీప్తి 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. ఆమెకు 2024 సంవత్సరానికి అర్జున అవార్డు లభించింది. 2025లో కొత్త ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఓండర్ స్వర్ణం, దీప్తి రజతం గెలిచారు.